పాడుబడ్డ భూగర్భ డ్రెయిన్లను నురగ కాంక్రీటుతో పూడ్చడం ఎలా? గోదావరి డెల్టా పనులకు సమగ్ర మార్గదర్శి

రోడ్డు కింద పాత ఇటుక తూము, వాడకం మానేసిన మురుగు సొరంగం, కొత్త లైను వచ్చాక వదిలేసిన ఆర్‌సీసీ పైపు. వీటిని ఖాళీగా వదిలేస్తే ఏదో ఒక వానాకాలంలో పైన రోడ్డు కుంగుతుంది. తవ్వి తీయాలంటే ఇళ్ల గోడలు అడ్డం. అలాంటి చోట సెల్యులార్ కాంక్రీటు, అంటే సీఎల్‌సీ ఇటుకలు పోసే ఆ నురగ కాంక్రీటే, పైపుతో లోపలికి పంపి నింపుతారు.

మెట్ట ప్రాంతంలో ఈ పనికి రాసిన పద్ధతిని డెల్టాలో ఉన్నదున్నట్టు వాడితే దెబ్బతింటారు. ఇక్కడ మూడడుగులు తవ్వితే ఊట వస్తుంది. మామూలుగా ఖాళీలు నింపే నురగ కాంక్రీటు నీటికన్నా తేలిక. కింది అంకెలూ జాగ్రత్తలూ చాలావరకు ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ముందే ఒక మాట. పైకప్పు పగలగొట్టి ఇసుక నింపి నీళ్లతో కూర్చోబెట్టే వీలుంటే అదే చేయండి, చవక. పదీ పన్నెండు క్యూబిక్ మీటర్ల చిన్న గుంటకు నురగ మిషను తెప్పించడం కూడా దండగ. పైనుంచి అందని పొడవాటి ఖాళీలకే ఈ పద్ధతి.

1. అది నిజంగా పాడుబడిందా?

ఎండిపోయి కనిపించినంత మాత్రాన వాడకంలో లేదనుకోకండి. ఊళ్లలో పాత డ్రెయిన్‌లోకి ఎవరో ఒకరి బాత్రూమ్ పైపు ఇంకా కలిసే ఉంటుంది. అది మూయకుండా పోస్తే నురగ ఆ ఇంటి జాలీలోంచి పొంగుతుంది. అంతకన్నా ఘోరం, రాత్రికి గట్టిపడి వాళ్ల లైను శాశ్వతంగా మూసుకుపోతుంది.

- పైనున్న ప్రతి ఇంట్లో రంగు కలిపిన బకెట్ నీళ్లు పోయించి, డ్రెయిన్‌లో ఎక్కడ తేలుతాయో చూడండి. పొద్దున్నే నీటి వాడకం ఎక్కువ ఉండే వేళ ఒకసారి, వాన పడ్డప్పుడు ఒకసారి.
- కెమెరా పంపి రెండు గోడల వెంటా ఉన్న ప్రతి కంతనూ దూరంతో సహా రాసుకోండి.
- పొలాల వైపు ఉంటే అది మురుగు దింపే తూమా, సాగునీటి తూమా అన్నది ఆయకట్టు రైతుల్ని, లస్కర్‌ని (కాలువ నీళ్లు చూసే ఉద్యోగి) అడగండి. కాలువలకు నీళ్లు కట్టేసిన నెలల్లో రెండూ ఒకేలా ఎండి కనిపిస్తాయి.
- డ్రెయినేజీ శాఖ, మునిసిపాలిటీ లేదా పంచాయతీ, ఆర్ అండ్ బీ: ఎవరి ఆస్తి అయితే వారి నుంచి రాతపూర్వక అనుమతి.
- లోపల కేబుల్ గాని నీటి పైపు గాని పోతుంటే ఆ శాఖకు కూడా కబురు.

2. ఏ నెలలో, ఏ తిథిలో

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలకు వేసవిలో నీళ్లు కట్టేస్తారు. ఆ క్లోజర్ వారాలే ఈ పనికి అనువు. ఊట తగ్గుతుంది, కాలువలోకి తెరుచుకునే మూతుల్ని పొడిలో మూయవచ్చు. అయితే భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చుట్టూ చేపల చెరువులు నిండి ఉంటే క్లోజర్‌లోనూ భూగర్భ నీటిమట్టం పెద్దగా దిగదు. అక్కడ తేదీని నమ్ముకోకుండా డ్రెయిన్ పక్కన ఒక చిన్న బోరు గుంట వేసి, రెండు వారాలు మట్టం కొలవండి.

నరసాపురం, అంతర్వేది, యానాం, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో సముద్రపు పోటు డ్రెయిన్లలోకి ఎదురెక్కుతుంది, రోజుకు రెండుసార్లు. మూతి మూసే పని ఆటు సమయంలో, అమావాస్య పౌర్ణములకు దూరంగా, అష్టమి నవముల దగ్గర పెట్టుకోండి. ఆ రోజుల్లో పోటు తక్కువ.

వేసవి ఎంచుకున్నారు కాబట్టి ఎండ కూడా వస్తుంది. పోత తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ముగించేలా చూసుకోండి. నీళ్ల ట్యాంకరు నీడలో ఉండాలి.

3. మనిషిని దింపే ముందు

పాత మురుగు సొరంగంలో కదలని పూడిక కింద హైడ్రోజన్ సల్ఫైడ్ చిక్కుకుని ఉంటుంది. పైన గాలి బాగానే ఉన్నట్టు మీటరు చూపినా, పార వేసి బురద కదిలించగానే ఒక్కసారిగా బయటికొస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. అందుకే వాసన లేదు కదా అని దిగకూడదు.

మురుగు కాలువల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నేరంగా చూస్తుంది. పూడికను సాధ్యమైనంత వరకు జెట్టింగ్, సక్షన్ మిషన్లతోనే తీయించండి. అడ్డుగోడ కట్టడం లాంటి తప్పని పనికి, శిక్షణ ఉన్నవాళ్లు మాత్రమే, ఈ జాబితా పూర్తయ్యాకే దిగాలి:

- రెండు చివరలా మూతలు కనీసం కొన్ని గంటల ముందు తెరిచి, బ్లోయరుతో గాలి తోలాలి. పని నడిచినంతసేపూ బ్లోయరు ఆగకూడదు.
- నాలుగు వాయువుల మీటరు: ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు, మండే వాయువు దాని కనిష్ఠ పేలుడు స్థాయిలో 10 శాతం లోపు. పైన, మధ్య, అడుగున మూడు చోట్లా కొలవాలి.
- దిగిన మనిషికి ఒంటికి కట్టే జీను (హార్నెస్)తో తాడు, పైన తిప్పుడు గిరకతో ముక్కాలి స్టాండు, తాడు వదలని ఒక మనిషి.
- ఆయిల్ ఇంజన్, జనరేటరు గుంటలోనూ మూతి పక్కనా పెట్టకూడదు. పొగ లోపలికి దిగుతుంది.
- ఎవరైనా లోపల పడిపోతే, శ్వాస పరికరం లేకుండా వెనకాలే మరొకరు దిగకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో రెండో ప్రాణం పోయేది అలాగే.

4. కొలతలు, పరిమాణం

ఇకపై లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం: వెడల్పు 1.2 మీటర్లు, నిలువు గోడ 0.9 మీటర్లు, పైన అర్ధవృత్తపు ఇటుక కమాను, మొత్తం ఎత్తు 1.5 మీటర్లు, పొడవు 60 మీటర్లు.

- నిలువు భాగం: 1.2 × 0.9 = 1.08 చదరపు మీటర్లు
- కమాను భాగం: 3.14 × 0.6 × 0.6 ÷ 2 = 0.565
- మొత్తం 1.645 చదరపు మీటర్లు. 60 మీటర్లకు 98.7 క్యూబిక్ మీటర్లు.
- పది శాతం అదనం కలిపితే సుమారు 109.

ఆ పది శాతం కంతలకు, ఊడిన ఇటుకల వెనక ఖాళీలకు, పైపులో మిగిలి పారబోసేదానికి. లెక్క మొత్తంగా వేసి వదిలేయకండి. ఏ అరలో (రెండు అడ్డుగోడల మధ్య భాగం), ఏ విడతలో ఎంత పట్టాలో విడివిడిగా రాసి మిషను దగ్గర అతికించండి. పోసేటప్పుడు కంత ఎక్కడుందో బయటపెట్టేది ఆ కాగితమే.

5. ఎంత సాంద్రత? డెల్టాలో అసలు నిర్ణయం ఇదే

ఖాళీ నింపడానికి మామూలుగా క్యూబిక్ మీటరుకు 400 నుంచి 600 కిలోల రకం వాడతారు. 600 కిలోల తడి సాంద్రతలో సిమెంటు ముద్దకు 28 రోజులకు ఒకటి రెండు ఎంపీఏ (మెగాపాస్కల్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు పది కిలోలు) బలం వస్తుంది. చుట్టూ ఉన్న మెత్తటి బంకమట్టి మోయగల బరువుతో పోలిస్తే అది చాలా ఎక్కువే. బలం కోసం సిమెంటు పెంచుకుంటూ పోనక్కర్లేదు. రేపు ఎవరైనా పైపు వేయడానికి తవ్వాల్సి వస్తే 2.1 ఎంపీఏ దాటిన పూరకాన్ని జేసీబీతో తీయడం కష్టమవుతుంది.

బలం సరే, బరువు సంగతేమిటి? మూడు స్థితుల్లో మన డ్రెయిన్‌ను తూచి చూద్దాం. నీటిమట్టం నేల దాకా ఉందనుకోండి.

మొదటిది, నీళ్లన్నీ తోడేసి ఖాళీగా ఉన్నప్పుడు. మీటరు పొడవుకు 1,645 కిలోల తేలుడు బలం పైకి నెడుతుంది. దాన్ని ఆపేవి: రెండు 35 సెంటీమీటర్ల గోడలు, నీటిలో వాటి బరువు సుమారు 567 కిలోలు, 23 సెంటీమీటర్ల కమాను, 465, పైన 60 సెంటీమీటర్ల మట్టి, సుమారు 912. మొత్తం 1,944. అంటే అడుగు బరువు లెక్కలోకి తీసుకోకపోతే మిగులు 18 శాతమే. అన్నాళ్లూ లోపల నీళ్లు నిండి ఉండి సమతూకంగా ఉన్న కట్టడాన్ని, నీటిమట్టం పైనున్నప్పుడు ఒక్క రోజులో 60 మీటర్లూ తోడేస్తే అడుగు ఉబ్బి పగిలేది ఇందుకే.

రెండోది, 600 కిలోల రకంతో నింపాక. తేలుడు మీటరుకు 658 కిలోలు. ఆపే బరువు 1,944. దాదాపు మూడింతలు, భయం లేదు.

మూడోది, నింపాక కొన్నేళ్లకు రోడ్డు పనికి పైమట్టి తీసి, కమాను కొట్టేస్తే. ఆపేవి గోడలు మాత్రమే, 567 కిలోలు. తేలుడు దానికన్నా ఎక్కువ. వానాకాలంలో ఆ దిమ్మ నిజంగానే లేస్తుంది.

దీన్నిబట్టి ఎంపిక:

- కప్పు ఉండి, పైన కనీసం 60 సెంటీమీటర్ల మట్టి శాశ్వతంగా ఉంటుంది, పొడిగా చేయగలం: 600 రకం.
- కప్పు కూలింది లేదా తీయాల్సి ఉంది: 1,100 పైన.
- నీళ్లు పూర్తిగా తోడలేం: 1,100 పైన, అడుగు నుంచి నీటిని నెట్టుకుంటూ. 600 రకాన్ని నీటిలో పోస్తే అది పైకి తేలి, కింద నీళ్లు అలాగే చిక్కుకుంటాయి.

పొడిగా చేయగలిగినా డెల్టాలో 400 రకానికి వెళ్లవద్దని మా సలహా. కలిసొచ్చే సిమెంటు కొంచెమే. నురగ శాతం పెరిగేకొద్దీ కుంగే ముప్పు మాత్రం బాగా పెరుగుతుంది.

6. సామాన్లు, వాటి నాణ్యత

సిమెంటు: ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) 53 గ్రేడు, తాజాది. పీపీసీ (పొజ్జొలానా కలిపిన సిమెంటు) కూడా పనికొస్తుంది, కాకపోతే పట్టు ఆలస్యం. ఆలస్యమైతే నురగ నిలబడాల్సిన సమయమూ పెరుగుతుంది. గడ్డకట్టిన బస్తా వద్దు. చిన్న ఉండ కూడా పంపు రబ్బరును చీలుస్తుంది.

నురగ ద్రవం: ప్రోటీన్ రకం గాని సింథటిక్ గాని, నురగ ద్రవాలకు అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం సీ869 కు సరిపోయేది. ఒక పనికి ఒకే రకం, ఒకే బ్యాచ్. రెండు కంపెనీల ద్రవాలు కలపవద్దు.

నీళ్లు: ఇక్కడే తీర గ్రామాలు ఇబ్బంది పడతాయి. బోరు ఉప్పు, కాలువ కట్టేసి ఉంది, మిగిలింది ఊరి మంచినీళ్ల చెరువు. ఆ చెరువు జోలికి పోవద్దు, క్లోజర్‌లో ఊరంతా దాని మీదే బతుకుతుంది. ఉక్కు లేని కాంక్రీటుకు ఐఎస్ 456 (కాంక్రీటుకు భారత ప్రమాణం) క్లోరైడ్‌ను లీటరుకు 2,000 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. కాబట్టి కొద్దిగా ఉప్పగా ఉన్న నీరు సిమెంటుకు చెడ్డది కాకపోవచ్చు, నురగకు మాత్రం కావచ్చు. నమూనా తెచ్చి అదే ద్రవంతో నురగ తీసి చూశాకే ఒప్పుకోండి. ఐఎస్ 456 ప్రకారమే పీహెచ్ 6 కన్నా తగ్గకూడదు.

ఇసుక (బరువైన రకానికి): గోదావరి ఇసుక చాలా చోట్ల ముతక. 2.36 మిల్లీమీటర్ల జల్లెడ పట్టనిదే వేయకండి. ముతక గింజ నురగ గోడల్ని చీల్చుకుంటూ అడుక్కి దిగుతుంది.

మిషన్లు: నురగ జనరేటరు, కంప్రెసరు, పాడిల్ మిక్సరు, స్క్రూ పంపు, 50 మిల్లీమీటర్ల హోసు. కంప్రెసరుకు ఆయిల్ ఫిల్టరు తప్పనిసరి. గాలిలో నూనె తుంపర ఉంటే నురగ నిలవదు.

7. మిశ్రమాలు (ఒక క్యూబిక్ మీటరుకు)

నురగ బరువు లీటరుకు 50 గ్రాములుగా తీసుకుని వేసిన లెక్క ఇది.

600 రకం, ఇసుక లేకుండా:
- సిమెంటు 377 కిలోలు (ఏడున్నర బస్తాలు)
- నీళ్లు 189 లీటర్లు
- నురగ 692 లీటర్లు (సుమారు 35 కిలోలు)

1,100 రకం, ఇసుకతో:
- సిమెంటు 320 కిలోలు
- జల్లించిన సన్న ఇసుక, పొడి బరువు 580 కిలోలు
- నీళ్లు 190 లీటర్లు
- నురగ 490 లీటర్లు (సుమారు 24.5 కిలోలు)
- తడి సాంద్రత సుమారు 1,114

ఇసుక తడిగా ఉంటే ఆ నీటిని 190 లోంచి తగ్గించాలి. 580 కిలోల ఇసుకలో 5 శాతం తడి అంటేనే 29 లీటర్లు.

మన ఉదాహరణకు 600 రకంలో 109 క్యూబిక్ మీటర్లంటే 822 బస్తాల సిమెంటు, నురగతో కలిపి సుమారు 24,400 లీటర్ల నీళ్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు. కడగడానికి ఇంకొకటి. ద్రవాన్ని 1:30 పాళ్లలో పలచన చేస్తే క్యూబిక్ మీటరుకు 1.1 కిలోల చొప్పున మొత్తం 120 కిలోల పైచిలుకు పడుతుంది. కంపెనీ చెప్పిన పాళ్లు వేరైతే వాటినే పాటించండి.

ఫ్లై యాష్ కలిపితే ఖర్చు తగ్గుతుంది, వేడి కూడా తగ్గుతుంది. కానీ బూడిదలో కాలని బొగ్గు ఎక్కువుంటే అది నురగను తాగేస్తుంది. లారీ మారినప్పుడల్లా ట్రయల్ మిశ్రమం చేయాల్సిందే.

8. పూడిక, ఊట

మెత్తటి పూడిక మీద పోయకండి. పైన బరువు పడగానే అది పక్కకు జరిగి, నింపిన దిమ్మ ఒరుగుతుంది. గట్టి అడుగు తగిలేదాకా తీయించి, జెట్‌తో గోడలు కడిగించండి. గోడలకు పట్టిన జిడ్డు, నూనె కూడా పోవాలి.

నీళ్లు తోడటం అర వెంబడి అర. పల్లపు చివర 45 సెంటీమీటర్ల లోతు సంపు గుంట, అందులో కంకర చుట్టిన చిల్లుల పైపు, దానిలో సబ్‌మెర్సిబుల్ మోటారు. పోత మొదటి విడత గట్టిపడేదాకా మోటారు ఆపకూడదు. ఆగితే ఊట కింద నుంచి పచ్చి నురగను ఎత్తేస్తుంది. కరెంటు పోతే వెంటనే ఎత్తుకునేందుకు ఆయిల్ ఇంజన్ పంపు సిద్ధంగా ఉంచండి, గుంటకు దూరంగా.

గోడలోంచి ధారగా ఊట వచ్చే చోట సిమెంటు పూసి లాభం లేదు. ధారకు చిన్న పీవీసీ గొట్టం అమర్చి సంపులోకి మళ్లించండి. పోత పూర్తయ్యాక ఆ గొట్టాల్నీ, సంపునూ సిమెంటు గ్రౌటుతో (పారేలా పలచగా కలిపిన సిమెంటు) మూసేయవచ్చు.

9. అడ్డుగోడలు, పోత గొట్టాలు, గాలి గొట్టాలు

60 మీటర్లను 20 మీటర్ల చొప్పున మూడు అరలు చేయండి. అడ్డుగోడ 23 సెంటీమీటర్ల ఇటుక, వెనక ఇసుక బస్తాలు. పచ్చి నురగ కాంక్రీటు నీటిలాగే గోడను నెడుతుంది. 60 సెంటీమీటర్ల విడతకు ఈ వెడల్పు గోడ మీద సుమారు 130 కిలోల తోపుడు. అదే ఒకేసారి 1.5 మీటర్లు నింపితే దాదాపు 800 కిలోలు అవుతుంది. రాత్రి కట్టిన గోడ పొద్దున్న దీన్ని ఆపలేదు, కనీసం మూడు రోజులు ఆరనివ్వండి.

ప్రతి అరకూ:
- పల్లపు చివర ఒక పోత గొట్టం, 75 మిల్లీమీటర్లు, అడుగు దాకా దిగి ఉండాలి.
- మెరక చివర కమాను నడినెత్తిన ఒక గాలి గొట్టం, 50 మిల్లీమీటర్లు, మొన కమాను లోపలి తలానికి సమంగా.
- కమాను ఎత్తు మారిన ప్రతిచోటా ఇంకో గాలి గొట్టం. గాలికి దారి లేని మూల ఎప్పటికీ నిండదు.
- కెమెరాలో రాసుకున్న కంతలన్నీ ఇటుక ముక్కలు, గట్టి సిమెంటు ముద్దతో మూసివేత.

పాత సున్నం మోర్టారు కమానులో సందులు కనిపిస్తే వాటిని కూడా ముందే పూడ్చండి. లోపల వదిలేయాల్సిన పైపు ఏదైనా ఉంటే కట్టి ఉంచండి: 315 మిల్లీమీటర్ల ఖాళీ పీవీసీ పైపును 600 రకం పచ్చి మిశ్రమం మీటరుకు దాదాపు 47 కిలోల బలంతో పైకి లేపుతుంది. మీటరున్నరకొక ఇనుప పట్టీ, అడుగులోకి బోల్టు.

10. నురగ తీయడం, కలపడం

ముందు నురగ. లీటరు మగ్గు నిండా తీసి తూచండి, 40 నుంచి 60 గ్రాముల మధ్య ఉండాలి. గడ్డం గీసుకునే నురగలా బిగుతుగా, సన్నటి బుడగలతో, మగ్గు వంచినా జారకుండా ఉండాలి. పది నిమిషాల్లో అడుగున నీరు చేరితే గాలి ఒత్తిడిగానీ పలచన పాళ్లుగానీ తప్పు. మిక్సరులో పోయడం ఆపి అదే సరిచేయండి.

తర్వాత వరుస తప్పకూడదు. నీళ్లు, వాటి మీద సిమెంటు, (ఉంటే) ఇసుక. ఉండలు పోయేదాకా మూడు నాలుగు నిమిషాలు. ఆ పైన నురగ. నురగ పడ్డాక తెల్లటి చారలు కనిపించకుండా కలిసేదాకే తిప్పాలి, సాధారణంగా రెండు నిమిషాలు. బాగా కలవాలని ఇంకో ఐదు నిమిషాలు తిప్పే మేస్త్రీలు ఉంటారు. బుడగలు పగిలి మిశ్రమం బరువెక్కుతుంది, పరిమాణం తగ్గుతుంది. సిమెంటు లెక్క తప్పేది అక్కడే.

లీటరు మగ్గుతో మిక్సరు దగ్గర తూకం, మళ్లీ హోసు చివర తూకం. 600 రకానికి హోసు చివర 550 నుంచి 650 గ్రాముల మధ్య ఉండాలి. పంపులో కొంత నురగ చావడం మామూలే. తేడా స్థిరంగా ఉంటే మిక్సరు దగ్గర ఆ మేరకు తేలిగ్గా తయారుచేయండి. తేడా బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంటే పంపు రబ్బరు అరిగింది లేదా హోసు ఎక్కడో మడత పడింది.

11. పోత

పల్లపు అరతో మొదలు. విడతలు ఇలా:

- మొదటి విడత: అడుగు నుంచి 60 సెంటీమీటర్లు. అరకు 14.4 క్యూబిక్ మీటర్లు.
- రెండో విడత: 60 నుంచి 110 సెంటీమీటర్లు. 11.9.
- మూడో విడత: కమాను నెత్తి దాకా. 6.6.

గంటకు 5 క్యూబిక్ మీటర్లు ఇచ్చే మిషనుకు మొదటి విడత మూడు గంటల లోపు పని. ఒక అరలో విడతకూ విడతకూ మధ్య కనీసం ఒక రాత్రి. ఈలోగా పక్క అర పోసుకోవచ్చు.

ఎందుకీ విడతలు? గోడ మీది తోపుడు ఒక కారణం. రెండోది వేడి: ఇందులో సిమెంటు ఎక్కువ, నురగ వల్ల వేడి బయటికి పోదు. లోతుగా పోస్తే లోపల బుడగల్లో గాలి వ్యాకోచించి, గట్టిపడక ముందే నిర్మాణం చిట్లి దిమ్మ కుంగుతుంది. మూడోది, పచ్చి నురగ తన బరువుకు తానే అడుగున నలుగుతుంది.

హోసు మొన ఎప్పుడూ పోసిన మిశ్రమంలో మునిగి ఉండాలి. పైనుంచి ధారగా వదిలితే నురగ చస్తుంది. మధ్యలో అరగంట మించి ఆగితే హోసులో ఉన్నది పారబోసి కడిగి మళ్లీ మొదలుపెట్టండి.

నీళ్లు ఉన్న చోట 1,100 రకం పోస్తుంటే హోసు అడుగునే ఉండాలి, వేగం తక్కువ ఉండాలి. గాలి గొట్టంలోంచి ముందు నీళ్లు, తర్వాత పలచటి బూడిదరంగు నీళ్లు, చివరికి చిక్కటి మిశ్రమం వస్తాయి. దాన్ని మగ్గులో పట్టి తూచండి. హోసు చివరి తూకానికి దగ్గరగా వచ్చేదాకా ఆపవద్దు. ఆ బూడిద నీరు కాలువలోకి పోకుండా గుంటలో పట్టాలి; సిమెంటు క్షారం చేపలకు ప్రాణాంతకం, పక్కన చెరువు రైతు ఊరుకోడు.

మూడో విడతలో పోత గొట్టం కమాను మీద ఒక మీటరు ఎత్తు ఉంటే చాలు. ఆ ఎత్తు ఇచ్చే ఒత్తిడే మూలలు నింపుతుంది. మోటారుతో ఇంకా బిగించి తోస్తే పాత కమాను లేస్తుంది.

పోత నడిచినంతసేపూ కింది వైపు వాడకంలో ఉన్న మ్యాన్‌హోళ్ల దగ్గర ఒక మనిషి, ఇళ్ల జాలీలు చూడటానికి మరొకరు, ఇద్దరి చేతిలో ఫోన్లు. లెక్కకన్నా 15 శాతం ఎక్కువ పట్టిందా, ఆపండి. అది ఎక్కడికో పోతోంది.

12. నమూనాలు

హోసు చివర నుంచి రోజుకు కనీసం నాలుగు, 75 × 150 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అచ్చుల్లో. మామూలు కాంక్రీటులా కడ్డీతో పొడవకూడదు, పక్కల మెల్లగా తట్టాలి. మూత పెట్టి నీడలో, కదల్చకుండా మూడు రోజులు. అదేరోజు బైకు మీద ల్యాబుకు తీసుకెళ్తే దారిలోనే చితికిపోతాయి, ఆ పైన ఫలితం చూసి పోత చెడిందని కంగారు పడతారు.

13. ఏది చెడుతుంది, ఎలా దిద్దాలి

*మర్నాటికి పైతలం చేతి వెడల్పు కుంగింది.* నురగ చచ్చింది. వరుసగా చూడండి: నీళ్ల ఉప్పు, కంప్రెసరు నూనె, ఎక్కువ తిప్పడం, విడత లోతు. కుంగిన పొర గట్టిగా ఉంటే తర్వాతి విడతలో కలిపి పోయవచ్చు. వేలితో నొక్కితే పొడిగా రాలితే ఆ పొర గీకి తీయాలి.

*అడుగున నీళ్లు, పైన నురగ.* తేలికరకం నీటిలో పోశారు. రంధ్రం చేసి నీళ్లు తోడి, ఆ ఖాళీని సిమెంటు గ్రౌటుతో నింపడమే దారి. ఖర్చైన పని.

*గాలి గొట్టంలోంచి ఏమీ రావడం లేదు, పోత గొట్టం నిండిపోయింది.* గాలి గొట్టం మొన మూసుకుంది. కడ్డీతో పొడిచి చూడండి. తెరుచుకోకపోతే ఒత్తిడి పెంచకండి. మెరక చివర కమానుకు కొత్త రంధ్రం వేయండి.

*కమాను కింద వేలెడు సందు మిగిలింది.* చాలాసార్లు మిగులుతుంది. ఏడు రోజుల తర్వాత గాలి గొట్టాల గుండానే నీళ్లు–సిమెంటు 0.5 పాళ్ల గ్రౌటు, మీటరు ఎత్తు గరాటుతో, పంపు లేకుండా.

*అడ్డుగోడ కారుతోంది.* పోత ఆపి, ఇసుక బస్తాల మీద పాలిథీన్ షీటు కప్పి మరో వరుస బస్తాలు వేయండి. అరగంట చూసి నెమ్మదిగా మళ్లీ.

*నురగ బాగానే ఉంది, సాంద్రత మాత్రం ప్రతి బ్యాచ్ బరువే.* ఎక్కువసార్లు సిమెంటు బస్తా బరువు, నీళ్ల మీటరు చూస్తారు. నురగ వచ్చే సెకన్లు చూడరు. జనరేటరును 200 లీటర్ల డ్రమ్ములోకి వదిలి నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచి టైమరు మళ్లీ పెట్టండి.

14. పైన మట్టి కప్పేది

చివరి విడత తర్వాత మూడు రోజులు పైన లారీ, రోలరు తిరగకూడదు. గుంటలు పూడ్చేటప్పుడు మొదటి 30 సెంటీమీటర్ల మట్టిని చేతి ప్లేటు కాంపాక్టరుతోనే అణచండి. పెద్ద వైబ్రేషన్ రోలరు ఏడు రోజుల తర్వాతే.

గొట్టాల్ని నేలకు 30 సెంటీమీటర్ల కింద కోసి మూతలు బిగించండి. మీద పసుపు హెచ్చరిక టేపు పరిచి మట్టి వేయండి. అరల హద్దులు, వాడిన సాంద్రత, పైమట్టి మందం రాసిన పటాన్ని ఆస్తి ఉన్న శాఖకు, రోడ్డు శాఖకు ఇవ్వండి. దాని మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం తప్పక ఉండాలి: వానాకాలంలో ఈ పొడవున పైమట్టి, కమాను తీయరాదు, తీయాల్సి వస్తే ముందు నీటిమట్టం దించాలి.

మొదటి వానాకాలం పొడవునా, అరకొక చోట రోడ్డు మీద కొట్టిన మేకుల మట్టాన్ని నెలకోసారి లెవెల్ మిషనుతో కొలవండి. దిగడమే కాదు, ఐదు మిల్లీమీటర్లు పైకి లేచినా పైన మట్టి బరువు పెంచే పని వెంటనే చేపట్టాలి.